ఉండుకం

గ్రిమ్స్‌బీలో గురువారం.
భోజనాల బల్లలు మడిచి గోడకి చేర్చినా
హాల్లో ఇంకా వేయించిన చేప వాసనే.
హంబర్ మీంచి వచ్చే గాలి
కిటికీ అద్దాల మీద ఉప్పుతో ఏదో రాసి
మళ్ళీ తనే చెరిపేసుకుంటోంది.

పాఠం జీర్ణవ్యవస్థ. పిల్లలు ఇరవై ఏడుగురు.
పుస్తకంలో అదొక గులాబీ రంగు బొమ్మ,
బాణం గుర్తులు, పక్కన ఖాళీ గళ్ళు.
అలాంటి గళ్ళే నేనూ నింపాను తెనాలిలో,
నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం అని
ఎక్కాల బాణీలో ఊగుతూ.
పరీక్ష గది గడప దాటగానే
మొత్తం కక్కేశాను.

అందుకని పుస్తకాలు మూయించాను.
"ఇవాళ మీరే పొట్ట."

ఆల్ఫీ, హ్యారియట్ రెండు దవడలు,
ఎదురెదురుగా నిలబడి చప్పట్లతో నమిలేస్తున్నారు.
దిండు గలీబు తొడుక్కున్న ఓటిస్ రొట్టె ముక్క,
నలుగురు పట్టుకున్న నీలం దుప్పటిలో పడి
మజ్జిగలా చిలకబడుతున్నాడు, కిచకిచా నవ్వుతూ.
చిన్నపేగుకి పన్నెండు మంది.
"అంతమందా?" అన్నాడు డారియుష్.
తాడు చేతికిచ్చి ఆరు మీటర్లు కొలవమన్నాను.
తాడు చివర నిలబడి
తన పొట్ట వైపు చూసుకున్నాడు.
ఆ చూపు నా లెసన్ ప్లాన్‌లో లేదు.

పెద్దపేగుకి నలుగురు.
ఆకుపచ్చ టోపీలతో మంచి సూక్ష్మజీవులు ముగ్గురు.
ఇక మిగిలింది టీగన్.
మడిచిన బల్లల పక్కన, స్వెటర్ చేతుల్లోకి
అరచేతులు లాక్కుని కూర్చుంది.
"ఏ పనీ లేనిది ఏదైనా ఉందా మిస్?"

ఉంది.
దాని పేరు మా భాషలో ఉండుకం అన్నాను.
ఉండటమే దాని ఉద్యోగం.
"ఉండుకం" అని ఒకసారి నోట్లో తిప్పుకుని చూసి
వెళ్ళి పెద్దపేగు మొదట్లో
మూలకి నిలబడింది, వేలెడంత చోటులో.

రెండో ఆటకి ఆల్ఫీ కేకేశాడు:
"ఈసారి కుళ్ళిన చేప తిందాం!"
నేను ఔననలేదు. కాదనేలోపే
దుప్పటి ఎగిరింది, పేగులు మెలిపడ్డాయి,
పొట్ట మొత్తం వరదై
జంట తలుపులు తోసుకుని
వరండాలోకి జారిపోయింది, హోరుమని.
ఫైలు పట్టుకుని వస్తున్న హెడ్ టీచర్
మిసెస్ హోల్‌రాయిడ్ గోడకి అతుక్కుపోయింది.
"విరేచనాలు మిస్!" అని ఆమెకి
ఎవరో మర్యాదగా వివరించారు.

హాలు ఖాళీ.
మూల మాత్రం ఖాళీ కాలేదు.
టీగన్ రెండు చేతులూ చాపి నిలబడి ఉంది,
వెనక రెండు ఆకుపచ్చ టోపీలు నక్కి ఉన్నాయి.
"మూడోవాణ్ణి పట్టుకోలేకపోయాను," అంది.
"వీళ్ళు మంచివాళ్ళు కదా.
తర్వాత మళ్ళీ కావాలి కదా."

నవ్వేశాను నేను.
"ఉండుకం ఏమీ చెయ్యదు టీగన్," అన్నాను,
పాతికేళ్ళ కిందట గడిలో రాసిన జవాబు.

రాత్రి అన్నం ముందు పెట్టుకుని వెతికాను.
కొందరు శాస్త్రవేత్తల అనుమానమట:
కడుపు కడిగేసినప్పుడు
మంచి సూక్ష్మజీవులు తలదాచుకునే చోటు
బహుశా అదేనట.
అన్నం చల్లారింది.

శుక్రవారం అందరి ముందూ చెప్పాను,
నిన్న టీగన్‌కి నేను చెప్పింది తప్పు కావచ్చని,
పుస్తకాలు రాసేవాళ్ళకీ ఇంకా పూర్తిగా తెలీదని.
ఆరు చేతులు లేచాయి, ఈసారి ఉండుకం నేనంటే నేనని.
టీగన్ చెయ్యెత్తలేదు.
లేచి వెళ్ళి తన మూలలో నిలబడింది.

ఫైల్లో "నేర్చుకున్నదానికి సాక్ష్యం" అని
ఇంకా ఒక గడి ఖాళీగా ఉంది.
ఎవరు నేర్చుకున్నదో
అందులో అడగలేదు.